కనుమకి కోర్సు అయిపోద్దాండీ?

జనవరి మొదటి వారం దాటాక భీమవరంలోనో అమలాపురంలోనో మందుల షాపు ముందు ఓ పావుగంట నిలబడండి. ఈ ప్రశ్న వినబడకపోతే అడగండి. పంటి నొప్పికో, గొంతు నొప్పికో, పెళ్లిభోజనం పడక పట్టుకున్న విరేచనాలకో మాత్రలు కొనుక్కుంటున్న మనిషి జబ్బు గురించి పెద్దగా అడగడు. "ఎన్నాళ్లండీ కోర్సు? కనుమకి అయిపోద్దాండీ?" అంటాడు. కౌంటర్ వెనక కుర్రాడికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి బావమరిది దిగుతాడు, బరుల దగ్గర పందేలు మొదలవుతాయి, చేతిలో గ్లాసు లేకుండా నిలబడితే "ఏం, ఒంట్లో బాలేదా?" అని ఊరంతా పరామర్శిస్తుంది. బాలేకే కదా మాత్రలు మింగుతున్నది అంటే ఆ మూడు రోజులూ ఎవరి చెవికీ ఎక్కదు.

ఈ ప్రశ్నకి మన దగ్గర చలామణీలో ఉన్న జవాబులు రెండే. యాంటీబయాటిక్ మీద చుక్క పడితే ప్రాణం మీదకొస్తుందనేది ఒకటి. ఏం కాదు, కాస్త వేడి చేస్తుంది, మజ్జిగ తాగి పడుకో అనేది రెండోది. మొదటిది డాక్టరు నోట, రెండోది బావమరిది నోట వినబడుతుంది. రెండూ పూర్తిగా నిజం కాదు. పైగా మొదటిది అతిగా చెప్పడం వల్లే రెండోదానికి అంత విలువ వచ్చింది. ఒకసారి అమాక్సిసిలిన్ వేసుకుని బీరు తాగి, ఏమీ కాక, క్షేమంగా లేచినవాడు ఆ తర్వాత డాక్టరు చెప్పే ఏ జాగ్రత్తనూ నమ్మడు. అన్నిటికీ ఒకే నిషేధం పెడితే ఏమవుతుందో ఈ జిల్లాలవాళ్లకి వేరే చెప్పాలా? 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ మధ్యకాలంలో డెల్టా నడిబొడ్డున, పుదుచ్చేరి కింద ఉన్న యానాం దారి తెలియని మనిషి చుట్టుపక్కల లేడు.

కాబట్టి ఏది నిజంగా తగువు పడుతుందో, ఏది పడదో విడదీసి చెప్పుకోవడం మేలు.

జనం ఎక్కువగా వాడే అమాక్సిసిలిన్‌కీ, మూడు రోజుల మాత్రగా పేరుపడ్డ అజిత్రోమైసిన్‌కీ, టైఫాయిడ్‌కి రాసే సెఫిక్సిమ్‌కీ మద్యంతో నేరుగా రసాయన వైరం లేదు. ఓ మోతాదు లోపల పడితే మాత్ర పనిచేయడం ఆగిపోదు. మరి ఈ భయం ఎక్కడిది? దీనికి రెండు కథలు చెబుతారు. పెనిసిలిన్ కొత్తలో మహా కరువు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఓ పోలీసు కానిస్టేబుల్‌కి ఇచ్చినప్పుడు అతని మూత్రంలోంచి దాన్ని తిరిగి వడగట్టి మళ్లీ ఎక్కించారు. ఇది జరిగిన సంగతే. యుద్ధకాలంలో సైనికులు బీరు తాగితే మూత్రం ఎక్కువై వడగట్టే పని పెరుగుతుందని బీరు ఆపించారంటారు, అది కథ. రెండో కథలో సుఖరోగాల ఆసుపత్రులు వస్తాయి. తాగినవాడు చికిత్స పూర్తికాకముందే మళ్లీ పాత దారి పడతాడని డాక్టర్లు తాగుడు వద్దనేవారట. నీతి కోసం చెప్పిన మాట కాలక్రమంలో ఫార్మకాలజీ అయి కూర్చుంది. మన ఇళ్లలో ఇలాంటి పదోన్నతులు కొత్తకాదు.

ఇక అసలు తగువు సంగతి. తాగిన ఆల్కహాల్‌ని కాలేయం రెండు అంచెల్లో విరగ్గొడుతుంది. మొదటి అంచెలో అది ఎసిటాల్డిహైడ్ అవుతుంది, ఇది విషం. ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము వెంటనే దాన్ని నిరపాయమైన ఎసిటేట్‌గా మార్చేస్తుంది కాబట్టి మనకి దాని ఉనికి పెద్దగా తెలియదు. ఈ ఎంజైముకి ఎవరైనా అడ్డుపడితే విషం రక్తంలో పోగుపడుతుంది. ముఖం, మెడ కందిపోతాయి. గుండె దడదడలాడుతుంది. తల పగిలిపోతుంది, వాంతులవుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి. ముదిరితే బీపీ దిగజారి మనిషి కూలబడతాడు.

ఈ సంగతిని వైద్యం మొదట పట్టుకున్నది యాంటీబయాటిక్స్‌తో కాదు, రబ్బరుతో. రబ్బరు తయారీలో వాడే డైసల్ఫిరామ్ జాతి రసాయనాల దగ్గర పనిచేసేవాళ్లకి మద్యం పడటం లేదని అమెరికాలో ఓ ఫ్యాక్టరీ డాక్టరు 1937లోనే గమనించాడు. తర్వాత కోపెన్‌హాగన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు డైసల్ఫిరామ్ నులిపురుగులకి పనికొస్తుందేమోనని చూస్తూ, తామే మింగి చూసుకున్నారు. విందుల్లో గ్లాసు ముట్టగానే ఇద్దరికీ ఒకే అవస్థ వచ్చింది. 1948లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో అచ్చయింది, తాగుడు మాన్పించే మాత్ర పుట్టింది. మన పేపర్లలో "తెలియకుండా కలిపి ఇవ్వండి, తాగుడు మానిపించండి" అనే ప్రకటనలు ఈ వైద్యానికి దొంగదారి. డైసల్ఫిరామ్‌ని మనిషికి చెప్పకుండా కూరలో కలపడం మాన్పించడం కాదు. గుండె బలహీనంగా ఉన్నవాడైతే అది హత్యకి చాలా దగ్గర.

యాంటీబయాటిక్స్‌లో ఇలాంటి అడ్డు పెడతాయని పేరుపడ్డ కుటుంబానికి ఓ గుర్తుంది. పేరు చివర 'నిడజోల్' ఉంటుంది: మెట్రోనిడజోల్, టినిడజోల్, సెక్నిడజోల్, ఆర్నిడజోల్. వీటిలో ఆర్నిడజోల్ కాస్త సాధువని దాని తయారీదారులు అంటారు, అయినా పండగ పూట దాన్ని పరీక్షించడం దండగ. ఇక్కడ ఓ హెచ్చరిక: ఉత్త 'జోల్' చూసి కంగారు పడకండి. గ్యాస్‌కి వేసుకునే పాంటోప్రజోల్, తామరకి రాసే ఫ్లూకొనజోల్ వేరే ఇళ్లవి.

మెట్రోనిడజోల్ విషయంలో సైన్సు కూడా ఒక్క మాట మీద లేదు. 1960లలో కొందరు దీన్ని తాగుడు మాన్పించడానికి కూడా వాడి చూశారు, ఆ తర్వాత ఒళ్లు కందిపోయిన కేసులు అక్కడొకటి ఇక్కడొకటి నమోదయ్యాయి. 2002లో ఫిన్‌లాండ్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద ప్రయోగం చేశారు. కొందరికి అయిదు రోజులు మెట్రోనిడజోల్, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఆపైన మద్యం పోశారు. ఎసిటాల్డిహైడ్ పెరగలేదు, ఎవరికీ ముఖం కందలేదు. బావమరిది ఇది చదివితే పండగే. కానీ ప్రయోగశాలలో డజను మంది ఆరోగ్యవంతులకి కాకపోవడం వేరు, కాలేయం అప్పటికే సగం అలసిపోయిన యాభయ్యేళ్ల మనిషికి కాకపోవడం వేరు. అందుకే మందు పెట్టెల్లోని కాగితాలు ఇప్పటికీ వద్దనే చెబుతున్నాయి. రెండు మూడు రోజులు ఆగితే పోయేదేమీ లేదు గనుక నా ఓటూ దానికే.

పైగా ఈ మాత్రతో ఎక్కువ పని పడేది ఎవరికో చూడండి. అమీబా అనే సూక్ష్మజీవి పేగులోంచి కాలేయంలోకి పాకి చీముగడ్డ కడుతుంది. దక్షిణాది ఆసుపత్రుల్లో ఈ గడ్డతో చేరేవాళ్లలో ఎక్కువమంది నడివయసు మగవాళ్లు, వాళ్లలో చాలామంది కల్లో సారానో అలవాటున్నవాళ్లు. మన డాక్టర్లు ఏళ్లుగా చూస్తున్న, పత్రికల్లో రాస్తున్న సంగతే ఇది. తాగుడుకి కాలేయం దెబ్బతిని ఉండటం, ముంతల్లో, కలిపే నీళ్లలో శుభ్రత లేకపోవడం కారణాలై ఉండొచ్చని అంటారు. దీనికి ప్రధాన మందు మెట్రోనిడజోలే, అదీ మామూలుకన్నా పెద్ద మోతాదులో, వారం పది రోజులు. అంటే తాగుడు ఎవర్ని ఈ మాత్ర దాకా తీసుకొస్తోందో వాళ్లకే ఈ మాత్ర తాగుడు వద్దంటోంది. గడ్డ కరిగి ఇంటికొచ్చినవాడు రెండు రోజులు కాదు, కాలేయం కుదుటపడిందని డాక్టరు స్కానింగ్ చూసి చెప్పేదాకా, నెలలైనా సరే, తాటితోపు వైపు చూడకూడదు.

ఇంకో చిక్కు స్ట్రిప్పు మీద ఉంది. విరేచనాలైతే మన ఊళ్లలో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నార్‌ఫ్లాక్స్ టీజెడ్‌నే తీసుకోండి. అందులో నార్‌ఫ్లాక్సాసిన్ 400 మిల్లీగ్రాములు, దాని పక్కన టినిడజోల్ 600 మిల్లీగ్రాములు. ఆ 'టీజెడ్' అనే రెండక్షరాలే మన కథలో విలన్. ఓఫ్లాక్సాసిన్ తోక 'ఓజెడ్' అయితే ఆర్నిడజోల్. పంటి చిగురు వాచినప్పుడు అమాక్సిసిలిన్‌కి తోడుగా ఇచ్చేది మెట్రోనిడజోల్. కొనేవాడికి ఇవేమీ కనబడవు. కారణం కత్తెర. షాపతను నాలుగు మాత్రలు కత్తిరించి, చిన్న కాగితం సంచిలో వేసి, పైన "ఉ-సా" అని రాసిస్తాడు. పేరు, తేదీ, మందులో ఏముందో రాసిన ముక్క, 2016 నుంచి ప్రభుత్వం యాంటీబయాటిక్‌కి గుర్తుగా ప్రచారం చేస్తున్న ఎర్రగీత, ఇవన్నీ తరచు షాపులో మిగిలిన సగం మీదే ఉండిపోతాయి. రోగికి దక్కేది వెండిరేకూ నాలుగు గుబ్బలూ.

ఆసుపత్రిలో ఎక్కించే సెఫోపెరజోన్ అనే ఇంజెక్షన్ కూడా ఈ ఎంజైముకి అడ్డుపడుతుంది. ఆపరేషనో, పెద్ద ఇన్‌ఫెక్షనో అయి డిశ్చార్జి అయినవాడు "ఇంట్లో మాత్రలేమీ లేవుగా" అనుకుంటాడు. చివరి ఇంజెక్షన్ తర్వాత కూడా 3 రోజులు ఆగాలి. ఒకప్పుడు విరేచనాలకి విరివిగా వాడిన ఫ్యూరజోలిడోన్ది కూడా ఇదే గుణం. ఇది నైట్రోఫ్యూరాన్ల కుటుంబానిది, రొయ్యల చెరువుల్లో ఆ కుటుంబమంతా నిషిద్ధం. భీమవరం కంటైనర్లో దాని జాడ దొరికితే యూరప్ రేవులో సరుకు వెనక్కి తిప్పుతారు. మనుషులు వాడే మాత్రల మీద అంత నిఘా లేదు, రొయ్యకి అమ్మకం ఉంది మరి.

సరే, కోర్సు అయిపోయింది. ఎన్నాళ్లాగాలి? వేసవిలో ధవళేశ్వరం దగ్గర తలుపులు దించి కాలువ కట్టేసినా శివారు బోదెలో నీళ్లు ఆ పూటే ఎండవు కదా, ఒంట్లో మాత్ర కూడా అంతే. ప్రతి మందుకీ ఒంట్లో ఉన్నది సగమవడానికి ఇంత సమయమని లెక్కుంటుంది. అలా అయిదుసార్లు సగమైతే మిగిలేది 3 శాతం. మెట్రోనిడజోల్‌కి ఆ సమయం 8 గంటలు, అయిదు సగాలు కలిపితే 40 గంటలు. అందుకే బ్రిటన్‌లో చివరి మాత్ర తర్వాత 48 గంటలు ఆగమంటారు, అమెరికా వాళ్లు ఇంకాస్త జంకి 3 రోజులంటారు. టినిడజోల్‌కి 12 నుంచి 14 గంటలు, అంటే 72 గంటలు. కాలేయం జబ్బుంటే ఈ లెక్కలన్నీ సాగుతాయి. అమాక్సిసిలిన్‌కి సగమయ్యే సమయం గంట చిల్లరే, తెల్లారేసరికి దాని ఊసుండదు. అజిత్రోమైసిన్ మాత్రం మూడు రోజులు మింగితే వారం పైగా ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది, కానీ దానికి మద్యంతో పేచీ లేదు. ఎంతసేపు ఉంటుందన్నదీ, తగువు పడుతుందా అన్నదీ రెండు వేరు ప్రశ్నలు.

కోర్సు భోగి ఉదయం అయిపోయిందనుకోండి. మాత్ర టినిడజోల్ అయితే కనుమ రోజంతా పోయి, ముక్కనుమ ఉదయానికి గానీ 72 గంటలు నిండవు. బావమరిది అప్పటికి హైదరాబాద్ బస్సెక్కి ఉంటాడు.

డాక్సీసైక్లిన్‌ది వేరే తరహా, దీని వెనక మన ఊరి మనిషి ఉన్నాడు కనుక కాస్త ఆగుదాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి అధిపతిగా ఉండగా ఆయన నడిపించిన పనిలోంచే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని వెలికితీశారు. టెట్రాసైక్లిన్ల వంశానికి అది మూలపురుషుడు. లోకానికి ప్రకటించింది 1948లో, కోపెన్‌హాగన్ వాళ్ల సంగతి అచ్చయిన సంవత్సరమే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ వంశపు మనవడే డాక్సీసైక్లిన్. వరి చేలో ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో దిగి పనిచేసేవాళ్లకి వచ్చే ఎలుక జ్వరానికీ, స్క్రబ్ టైఫస్‌కీ ఇప్పటికీ ఇదే గతి. దీనిమీద ఎప్పుడో ఓ పెగ్గు వేసుకుంటే ప్రమాదం పెద్దగా లేదు. రోజూ తాగేవాడికి మాత్రం కాలేయం అలవాటుపడి, ఈ మాత్రని గబగబా విరగ్గొట్టి బయటికి తోసేస్తుంది. రక్తంలో చాలినంత ఉండదు, జ్వరం తగ్గదు, మాత్ర పనిచేయలేదని ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు. భీమవరం నుంచి బయల్దేరిన పరిశోధన తిరిగొచ్చి భీమవరం బ్రాందీషాపు దగ్గర ఓడిపోవడమంటే ఇదే.

క్షయకి వాడే ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం వేసేవే. ఆరు నెలల కోర్సు. ఇక్కడ రోజుల లెక్కలేవీ లేవు, ఆ ఆరు నెలలూ పూర్తిగా మానాల్సిందే. ముదురు ఇన్‌ఫెక్షన్లకి, మొండి క్షయకి రాసే లినెజోలిడ్‌తో పీపాలోంచి పట్టే బీరు, పులిసిన పదార్థాలు ఎక్కువగా తీసుకుంటే వాటిలోని టైరమిన్ వల్ల బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదముంది.

తాగనివాళ్లు ఇదంతా మనకెందుకని పేజీ తిప్పెయ్యబోతున్నారేమో, ఆగండి. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం, దశమూలారిష్టం సీసాల మీద చిన్నక్షరాలు చదివారా? పులియబెట్టి చేసేవి కనుక వాటిలో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, అంటే బీరుకి తీసిపోదు. మోతాదు రెండు మూడు చెంచాలే కాబట్టి మామూలప్పుడు ఫరవాలేదు. కానీ 'నిడజోల్' కోర్సులో ఉన్న మామ్మగారు దాన్ని కూడా పక్కన పెట్టాలి. కొన్ని దగ్గు సిరప్పులకీ, హోమియో మదర్ టింక్చర్లకీ ఇదే వర్తిస్తుంది. జీవితంలో మద్యం ముట్టని మనిషికి ముఖం కందిపోతే డాక్టరుకి కూడా అనుమానం అటు పోదు.

పేచీలేని మాత్రల విషయంలో కూడా ఒకటి చెప్పాలి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 42.8 శాతం చొప్పున దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం మామూలుగా గంటకి ఏడెనిమిది గ్రాములే ఖర్చుపెడుతుంది. రాత్రి పదింటికి ముగించినది పొద్దున్న ఆరింటికి కూడా ఒంట్లో కొంత మిగిలి ఉండొచ్చు. జ్వరం నుంచి లేచిన ఒంట్లో నీరు తక్కువ, నిద్ర తక్కువ. అప్పటికే మాత్రతో తల తిరుగుతుంటే మద్యం దాన్ని రెట్టింపు చేస్తుంది, ఆ తలతో కాలువగట్టు మీద బండి నడిపితే ఏమవుతుందో ఏటా పండగ మర్నాటి పేపరు చెబుతుంది. జ్వరానికి పారాసెటమాల్ కూడా పడుతుంటే కాలేయానికి ఇంకో బరువు. ఇంతకీ ఆరోగ్యానికి ఏ ఇబ్బందీ లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది, మాత్రలు వాడనివాళ్లకి కూడా.

వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పని మరొకటి ఉంది. అది కలిపి తాగడం కాదు, తాగడం కోసం మాత్రలు మానేయడం. "రెండూ కలవకూడదంటగా" అని భోగి నాడు కోర్సు ఆపి, ముక్కనుమ తర్వాత మిగిలినవి వేసుకునే బుద్ధిమంతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. డాక్టరు మాట విన్నామనే అనుకుంటారు. మూడు రోజుల విరామంలో చావగా మిగిలిన క్రిములు మళ్లీ పుంజుకుంటాయి, వాటిలో మొండివి ముందు వరసలోకొస్తాయి. టైఫాయిడ్ ఇలాంటప్పుడూ తిరగబెడుతుంది. అమాక్సిసిలిన్ మీద ఓ బీరు తాగినవాడికంటే, బీరు కోసం అమాక్సిసిలిన్ ఆపినవాడే తనకీ ఇంటిల్లిపాదికీ ఎక్కువ చేటు తెచ్చుకున్నట్టు. తాగడమా మాత్రలా అని తేల్చుకోవాల్సి వస్తే ఆపాల్సింది గ్లాసు. అది కుదరదనుకుంటే మొదటి రోజే డాక్టరుతో దాచకుండా చెప్పండి, వేరే మాత్ర రాసే వీలుంటే రాస్తారు. తాగుతానని చెబితే డాక్టరు తిడతాడని భయమా? తిట్టించుకుని రండి.

షాపులో కత్తెర పడకముందే స్ట్రిప్పు వెనక్కి తిప్పించి పేరు చదవండి, లేదా ఫోనుతో ఓ ఫొటో తీసుకోండి. 'నిడజోల్' కనబడితే కోర్సంతా, ఆపైన 3 రోజులూ చుక్క వద్దు. తెలియక తాగేసి ముఖం కంది, గుండె దడ మొదలైతే మజ్జిగతో కాలక్షేపం చేయకండి, గ్లాసు వదిలి మనిషిని పడుకోబెట్టండి. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేసి, వేసుకున్న మాత్ర పేరు, తాగినది ఏమిటో, ఎంతో రెండూ చెప్పండి. రెండోది చెప్పడానికే మనవాళ్లు మొహమాటపడతారు, చికిత్స చేసేవాళ్లకి ముందుగా కావలసింది అదే.